గోడకీ రేకుకీ నడుమ సందు: డెల్టా పంచాయతీలకు బహిరంగ లేఖ

కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ జిల్లాల డెల్టా గ్రామాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, సచివాలయాల ఇంజినీరింగ్ అసిస్టెంట్లకు నమస్కారం.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అవుతున్నాయి. దాళ్వా (రెండో పంట) ఆకుమళ్ళు పోసే వేళ దగ్గరపడింది. ఊరి చుట్టూ చేలల్లో నీళ్ళు నిలిచి, తెల్లవారుజామున పొగమంచు కాలవగట్లు దాటి ఇళ్ళ మీద కమ్ముకునే రోజులు వస్తున్నాయి. ముసలివాళ్ళు రాత్రంతా దుప్పటి కప్పుకుని దగ్గుతూ కూర్చునేది, బాలింత గదుల్లోకి కుంపట్లు వచ్చేది ఈ రోజుల్లోనే. అందుకే ధనుర్మాసం రాకముందే ఈ లేఖ రాస్తున్నాం. ఇళ్ళలోకి చలిగాలి వచ్చే సందులు మూయించే పని ఈ ఏడాది పంచాయతీ తన భుజాన వేసుకోవాలని, ఆ పని ఒక పద్ధతిలో జరగాలని మా విన్నపం. పద్ధతి తప్పితే చలి కన్నా పెద్ద ప్రమాదమే ఇంట్లోకి వస్తుంది. అది కూడా వివరంగా రాస్తాం.

మనది లంబసింగి చలి కాదు కదా, 17, 18 డిగ్రీలకు ఇంత హడావుడి ఎందుకని అనిపించవచ్చు. చలి, సమశీతోష్ణ దేశాల్లో చలికాలంలో ఇంట్లో వేడి కనీసం 18 డిగ్రీలు ఉంటే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. చలిదేశాల ఇంటికి గోడ మందం, అద్దాల కిటికీ, వేడిచేసే యంత్రం ఉంటాయి. మన రేకుల ఇంట్లో ఇవేవీ లేవు. బయట ఎంత చలి ఉంటే లోపలా అంతే. పైగా రేకు రాత్రి ఆకాశం కింద చుట్టూ ఉన్న గాలి కన్నా ఎక్కువ చల్లబడుతుంది. దానికి తేమ తోడై, ఉత్తరపు గాలి ఒంటికి తగిలితే 18 డిగ్రీల చలే 70 ఏళ్ళ మనిషిని కుదిపేస్తుంది. రేకు చల్లబడకుండా చేయడం ఖర్చుతో కూడిన పని. ఒంటికి తగిలే గాలిని ఆపడం మాత్రం ఒక తాపీ మేస్త్రి, ఒక వడ్రంగి కలిసి ఒక్క రోజులో చేయగల పని.

ముందుగా ఆ గాలి ఎక్కడినుంచి వస్తుందో లెక్క వేద్దాం. ఎవరినడిగినా తలుపు కింద సందు చూపిస్తారు, కాళ్ళకు తగిలేది అక్కడే కాబట్టి. మూడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉంటే దాని వైశాల్యం 18 చదరపు అంగుళాలు. ఇప్పుడు తల పైకెత్తి గోడ చివర రేకు కూర్చున్న చోటు చూడండి. సిమెంటు రేకులో అల లోతు దాదాపు రెండంగుళాలు. అల దిగిన చోట రేకు గోడకు ఆనుతుంది, లేచిన చోట ఖాళీ. సగటున ఒక అంగుళం అనుకున్నా, 20 అడుగుల గోడ పొడవునా కలిపితే ఆ ఖాళీ 240 చదరపు అంగుళాలు. అంటే ఒక్కో పొడుగు గోడ మీద ఒకటిన్నర చదరపు అడుగులకు పైగా కన్నం ఉన్నట్టే, తలుపు కింది సందుకు 13 రెట్లు. అటు గోడ, ఇటు గోడ కలిపితే 26 రెట్లు. రేకుల ఇంట్లో పైసందు వదిలేసి తలుపు కింద గోనెసంచి కుక్కడం చిల్లికుండకు మూత పెట్టడమే.

పైసందు ముందు మూయాలనడానికి ఇంకో కారణం ఉంది. మనుషుల ఒంటి వేడికి గదిలో గాలి వెచ్చబడి పైకి లేస్తుంది. పైన దారి ఉంటే అటు పోతుంది, ఆ ఖాళీలోకి కిందినుంచి చలిగాలి లాక్కుని వస్తుంది. పైది మూస్తే ఆ లాగుడు ఆగిపోతుంది, తలుపు కింద సందు అలాగే ఉన్నా వచ్చే గాలి తగ్గుతుంది. కిందది ముందు మూస్తే ఇంత ఫలితం కనబడదు. అందుకే ఎప్పుడైనా పని పైనుంచి కిందికి రావాలి.

సందులు పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. చలిదేశాల్లో గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కళ్ళ ఒత్తిడి తేడా తెప్పించి, ఇంట్లో గాలంతా గంటకు ఎన్నిసార్లు మారిపోతుందో కొలుస్తారు. పాసివ్ హౌస్ అనే కట్టుబడికి అది 0.6 దాటకూడదు. అంత బిగించిన ఇంటికి ఊపిరాడడానికి వాళ్ళు వేరే యంత్రంతో గాలి పంపుతారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మన వంటింట్లో ఉండే ఎగ్జాస్ట్ ఫ్యానుతోనే ఆ పరీక్ష చిన్న ఎత్తున చేయొచ్చు. పొయ్యి, గ్యాసు గీజరు, దీపం, కుంపటి అన్నీ ఆర్పాక, కిటికీలూ తలుపులూ మూసి ఆ ఫ్యాను వేయండి. ఫ్యాను లోపలి గాలిని బయటికి తోస్తుంటే, సందులన్నీ బయటి గాలిని లోపలికి పీలుస్తాయి. అప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి ద్వారబంధం అంచు వెంబడి, రెండంగుళాల దూరంలో, నెమ్మదిగా నడిపించండి. సందు లేని చోట పొగ దారంలా నిటారుగా లేస్తుంది. సందు దగ్గరకు రాగానే ఆ దారం ఒక్కసారిగా వంగి గది లోపలికి పడిపోతుంది. అక్కడ బొగ్గుముక్కతో గీత పెట్టండి. ఒక గదికి పావుగంట చాలు. ఫ్యాను లేని ఇంట్లో గాలి వీచే సాయంత్రం చూసి ఇదే చేయాలి.

గోడ పైసందుకు రాత్రిపూట టార్చి పరీక్ష మేలు. లోపల చీకటి చేసి, బయటినుంచి ఒకరు చూరు కింద లైటు వేస్తూ నడిస్తే లోపల ఎక్కడ వెలుతురు పడితే అక్కడ కన్నం. తలుపు, కిటికీ రెక్కలకు కాగితం పరీక్ష: రెక్క మధ్యలో వార్తాపత్రిక ముక్క పెట్టి మూసి గడియ వేయాలి. లాగితే పట్టి పట్టి వస్తే సరే, జారిపోతే అక్కడ రబ్బరు కావాలి.

ఇక పని. సిమెంటు రేకు కింద సందును చాలామంది మేస్త్రీలు నేరుగా సిమెంటు మాలుతో పూడ్చేస్తారు. ఏడాది తిరక్కుండా మాలు పగిలి ఊడిపోతుంది, లేదా రేకు అంచే చిట్లుతుంది. పగలు ఎండకు రేకు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది, గోడ మాత్రం కదలదు. మాలు రేకును పట్టేస్తే ఏదో ఒకటి విరగాలి కదా. కాబట్టి రేకుకూ మాలుకూ మధ్య మెత్తటిది ఏదైనా ఉండాలి. మన దగ్గర దానికి కొబ్బరి పీచును మించింది లేదు. కోనసీమలో ఏ పీచు మిల్లు దగ్గరైనా దొరుకుతుంది, తడికి త్వరగా కుళ్ళదు. పీచును వేలి లావు జడలా పేని, సున్నపు నీళ్ళలో ముంచి ఆరబెట్టి, అల ఖాళీలో రేకును ఆనుకునేలా కుక్కాలి. దాని కింద మిగిలిన ఖాళీని గోడ లోపలి అంచునుంచి మూడంగుళాల మందం మాలుతో పూడ్చాలి. గోడ వెడల్పంతా నింపక్కర్లేదు, వృథా. మాలు ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక. సున్నం కలిపితే మాలు కాస్త సాగే గుణంతో ఉంటుంది, పగుళ్ళు తక్కువ. రెండు వైపులా 20 అడుగుల గోడలున్న గదికి పది కిలోల లోపు సిమెంటు, ఒకటింబావు ఘనపుటడుగు ఇసుక సరిపోతాయి. ఇసుక ఏటి ఇసుకే కావాలి. సముద్రపు ఒడ్డు ఇసుక వాడితే దానిలో ఉప్పు గాలిలో తేమను లాగి ఆ గోడంచును ఏడాదంతా చెమ్మగా ఉంచుతుంది, రేకు పట్టే ఇనుప కొక్కేలను తుప్పు తినేస్తుంది.

ఇక్కడ గట్టిగా ఒక హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత ప్రాణం మీదికి తెచ్చే జబ్బులు వస్తాయి. రేకును కోయకూడదు, గీకకూడదు, కన్నాలు వేయకూడదు, పొడిగా ఊడ్వకూడదు. సందు మూసే పనికి రేకును కోసే, గీకే అవసరమే రాదు. నాచు గీకితేగానీ పీచు అంటదని మేస్త్రి అంటే వద్దని చెప్పండి.

ఇనప రేకులకు, రంగు రేకులకు ఆ రేకు ఆకారంలోనే కోసిన నురుగు పట్టీలు రేకుల దుకాణాల్లో దొరుకుతాయి. రేకు మోడల్ చెప్పి కొనాలి, ఒక మోడల్ పట్టీ ఇంకోదానికి కూర్చోదు. ఇనప రేకు ఇంట్లో ఇంకో తగాదా ఉంది. సందులన్నీ మూసేసరికి లోపలి మనుషుల ఊపిరి తేమ, వంట ఆవిరి పైకి పోయి చల్లటి రేకుకు తగిలి నీటిబొట్లుగా మారి తెల్లవారుజామున పక్కల మీద పడతాయి. రేకు కారుతోందని తారు పూస్తారు, అది కారడం కాదు. దానికి మందు రేకు కింద ఒక అడుగు ఎడంలో తడిక గానీ గుడ్డ గానీ లాగి కట్టి, రేకుకూ తడికకూ మధ్య ఖాళీకి రెండు చివరల ముక్కోణపు గోడల్లో చిన్న జాలీలు ఉంచడం. అప్పుడు గోడ పైసందు కాకుండా తడిక అంచులు గోడకు బిగుతుగా ఉండేలా చూసుకుంటే సరి. థర్మకోల్ పలకలు వేయొద్దు, వాటికి నిప్పు అంటుకుంటే ఇల్లు దక్కదు.

ఈ పైసందు మూయడంలో తుపానుకు సంబంధించిన లాభం కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కప్పులు ఎలా లేచిపోయాయో పెద్దవాళ్ళకు తెలుసు. గాలి ఎదురు గోడ పైసందులోంచి దూరితే కప్పును కిందినుంచి పైకి తోస్తుంది, పైన వీచే గాలి అదే కప్పును పైకి పీలుస్తుంది. రెండూ కలిస్తే రేకు నిలవదు. సందు మూస్తే ఆ కింది తోపు తగ్గుతుంది. అలాగని మూసిన సందు కొక్కేలకు బదులు కాదు. నిచ్చెన ఎక్కినప్పుడే ప్రతి జె-హుక్కు బిగుతునూ, దాని కింది తారు వాషరునూ చూసుకోవాలి.

పెంకుటిళ్ళ సంగతి వేరు. పెంకుల మధ్య సందులను సిమెంటుతో పూయించకండి. పెంకుటిల్లు ఊపిరి పీల్చేదే ఆ సందుల్లోంచి. అవి మూసుకుపోతే దూలాలు, వాసాలు చెమ్మపట్టి పుచ్చిపోతాయి, ఒక్క పెంకు పగిలినా మార్చడానికి రాదు. పెంకుటింట్లో గాలిని కింద, అటక వరసలోనే ఆపాలి. అటక చెక్కల మధ్య సందులకు పాత నూలుచీరల పేలికలు మైదా జిగురులో ముంచి అంటించేవాళ్ళు. ఆ జిగురుకు పురుగు పడుతుంది. దానికి బదులు వడ్రంగి జిగురు వాడితే ఆ పాత పద్ధతి ఈనాటికీ చక్కగా పనిచేస్తుంది. మండువా లోగిళ్ళలో మండువా తెరిచే ఉండాలి, పడుకునే గది ఒక్కటే మూసుకోవాలి. తాటాకిళ్ళకు పైకప్పు బాగానే కాపాడుతుంది, మట్టిగోడ అడుగున, గుంజ పక్కన పడ్డ కన్నాలు మెదిపితే చాలు, అదీ కట్టెల పొయ్యి లేని గదిలోనే. పాలితీన్ పట్టాలు లోపల చుట్టొద్దు, పొయ్యి లోపలే ఉంటుంది కాబట్టి.

డాబా ఇళ్ళకు పైన సందు ఉండదు. అక్కడ గాలి దారులు వెంటిలేటర్లు, కిటికీలు, తలుపులు, పైపుల కన్నాలు. డాబా ఇంటివాళ్ళు నిజానికి కంగారు పడక్కర్లేదు. పంచాయతీ సాయం ముందు రేకుల ఇళ్ళకు, వాటిలోనూ ఒంటరి ముసలివాళ్ళు, పసిబిడ్డలు ఉన్న ఇళ్ళకు వెళ్ళాలి.

వెంటిలేటరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. చలికి తట్టుకోలేక ఇటుకలు పేర్చి మూసేస్తారు, ఎండాకాలంలో ఆ గది ఉడికిపోతుంది. మనకు చలి రెండు నెలలు, ఉక్క ఎనిమిది నెలలు. కాబట్టి డెల్టాలో ఏది మూసినా మళ్ళీ తెరవగలిగేలా మూయాలి. వెంటిలేటరు 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉంటే, 20కి 14 అంగుళాల నీటికి తట్టుకునే 12 ఎంఎం ప్లైవుడ్ చెక్క కోయించండి. లోపలివైపు పైఅంచుకు రెండంగుళాల బందులు రెండు వేసి వేలాడదీయాలి. చెక్క వెనక అంచు చుట్టూ ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే ఒక రకం కృత్రిమ రబ్బరు) పట్టీ అయిదున్నర అడుగులు అంటించాలి. కింది అంచుకు నైలాను తాడు కట్టి పైన కొక్కేనికి తగిలిస్తే లాగి తెరుచుకోవచ్చు. చెక్క తన బరువుకు తానే మూసుకుంటుంది గానీ, ఈదురుగాలి దాన్ని లోపలికి తోస్తుంది. అందుకని అడుగున ఒక చిలుకు తప్పదు. తుప్పు పట్టే ఇనప బందులు వద్దు, సముద్రానికి దగ్గరి ఊళ్ళలో రెండు వానాకాలాలకు అవి అరిగి విరుగుతాయి. ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వేయండి.

రబ్బరు పట్టీ విషయంలో చవకది కొని మోసపోవద్దు. మెత్తటి స్పాంజి టేపు మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత అణిగిపోయి మళ్ళీ లేవదు, చీమలు దానిలో గూడు పెడతాయి. ఈపీడీఎం రబ్బరు, బోలుగా డి ఆకారంలో ఉన్నది, నొక్కితే మళ్ళీ లేస్తుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది. అంటించే ముందు చెక్కను పొడిగుడ్డతో, తర్వాత స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. నూనెచేతులు, వార్నిషు పొట్టు ఉన్న చోట ఏదీ అంటదు. ఏడడుగుల తలుపు మూడు వైపులకు 17 అడుగుల పట్టీ పడుతుంది. బందులవైపు రెక్క పట్టీని పక్కనుంచి రుద్దకుండా ముందునుంచి నొక్కేలా అంటించాలి, లేకపోతే నెలలో ఊడుతుంది.

వడ్రంగులకు మా మాట. వానాకాలంలో తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తుంటే చిత్రిక పట్టేస్తారు. అదే తలుపు సంక్రాంతికి ఎండి కుంచించుకుపోయేసరికి అరంగుళం సందు పడుతుంది. పట్టేసిన తలుపుకు ముందు బందుల మరలు వదులయ్యాయేమో చూడాలి. ఆ తర్వాత రెక్క కింది, పై అంచులకు రంగు ఉందో లేదో చూడాలి. ఎక్కువ తలుపులకు కింది అంచు పచ్చిచెక్కగానే ఉంటుంది, చెమ్మంతా అక్కడినుంచే ఎక్కుతుంది. రంగు వేశాక కూడా పట్టేస్తేనే చిత్రిక, అదీ కాగితం మందమే.

తలుపు కిందకు అల్యూమినియం పట్టీకి బిగించిన రబ్బరు అంచు దొరుకుతుంది, అది నేలను ఒకటి రెండు ఎంఎంలు తాకితే చాలు. ఎక్కువ నొక్కితే ఈడ్చుకుంటూ చిరుగుతుంది. ఖర్చు వద్దనుకునే ఇంటికి ఇసుక గొట్టం. పాత చీర అంచును మూడంగుళాల వెడల్పు, 38 అంగుళాల పొడవు గొట్టంలా రెండు పొరలు కుట్టి, కడిగి ఎండబెట్టిన ఏటి ఇసుక రెండు కిలోలు పోసి మూతి కుట్టేయాలి. ముప్పాతిక వంతే నింపాలి. నిండుగా ఉంటే కర్రలా బిగుసుకుని గడప వంపుకు ఒదగదు. ఊక పోయొద్దు. ఊకలో నూకలు ఉంటాయి, కోతల తర్వాత చేలల్లోంచి ఊళ్ళోకి వచ్చిన ఎలుకలు మొదటి రాత్రే దాన్ని చింపేస్తాయి.

ద్వారబంధానికీ గోడకీ మధ్య నిలువునా పడే సన్న పగులు అందరిళ్ళలో ఉంటుంది. లప్పం పెడితే మళ్ళీ పగులుతుంది. అరంగుళం లోతు గీకి దుమ్ము ఊది, వెడల్పు ఎక్కువైతే ముందు పీచు కుక్కి, పైన సీలెంటు (గొట్టంలో వచ్చే, సందులు పూడ్చే సాగే ముద్ద) పెట్టాలి. రంగు వేయాల్సిన చోట నీళ్ళతో పనిచేసే యాక్రిలిక్ సీలెంటు వాడాలి, సిలికాన్ మీద రంగు నిలవదు. సిలికాన్ కొంటే న్యూట్రల్ రకం అడగండి. పూసేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వేసే రకం సిమెంటుకు సరిగా పట్టదు, ఇనుమును తుప్పు పట్టిస్తుంది. 280 మిల్లీలీటర్ల గొట్టంతో పావంగుళం గీత 25 అడుగులు దాకా వస్తుంది. గొట్టం మూతిని ఏటవాలుగా, గీత వెడల్పుకు మించకుండా కోయాలి. పెద్దగా కోస్తే సగం గొట్టం గోడకు పూతగా పోతుంది. డబ్బాలో వచ్చే ఉబ్బే నురుగును ద్వారబంధాల వెనక కొట్టించొద్దు. అది ఉబ్బుతూ బంధాన్ని లోపలికి నొక్కేస్తుంది, తర్వాత తలుపు పడదు. ఎలుక కన్నానికి కూడా నురుగు పనికిరాదు, కొరికేస్తుంది. స్టీలు పీచు కుక్కి పైన ఒకటికి మూడు సిమెంటు మాలు.

జరిగే అల్యూమినియం కిటికీల విషయంలో ఒక్కటి మాత్రం చేతులెత్తి చెబుతున్నాం. కింది పట్టాలో బయటివైపు చిన్న కన్నాలుంటాయి. అవి వాననీరు పోయే దారులు. గాలి వస్తోందని వాటిని సిలికాన్‌తో మూస్తే తదుపరి వాయుగుండానికి పట్టా నిండి నీళ్ళు గదిలోకి పొర్లుతాయి. మార్చాల్సింది రెక్కల అంచున అరిగిన బ్రష్ పట్టీని.

ఇప్పుడు మూయకూడనివి. లేఖ అంతటిలో మీరు ఊరికి చాటింపు వేయించాల్సిన భాగం ఇదే.

వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంటే, పొగ పోయే పై కన్నం ఎంత ముఖ్యమో, బయటి తలుపు కింద సందు అంత ముఖ్యం. వంటగ్యాసు గాలి కన్నా బరువు. కారితే నేలబారున పేరుకుంటుంది, పోవడానికి కిందనే దారి కావాలి. వంటింటికీ పడకగదికీ మధ్య తలుపు కింద మాత్రం ఇసుక గొట్టం పెట్టుకోవచ్చు. గ్యాసు వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు తీసి బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. ఇంకోటి: కిలో గ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి బయటికి పోకపోతే గోడలకు బూజు పడుతుంది, మూసిన ఇంట్లో దగ్గు తగ్గకపోగా పెరుగుతుంది. వంట అయ్యాక మరో పావుగంట ఫ్యాను తిరగనివ్వాలి.

కట్టెల పొయ్యి ఉన్న గదిలో ఏ సందూ మూయొద్దు. స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంటే దాన్ని బయటికి మార్చేదాకా ఆ గది కిటికీ తీసి ఉంచాల్సిందే.

కుంపటి గురించి. బాలింతకు వెచ్చదనం కావాలని గదంతా బిగించి, బొగ్గులు రాజేసి, పొగ పోయాక లోపలికి తెచ్చి పెడతారు. పొగ పోయింది కాబట్టి భయం లేదనుకుంటారు. ఎర్రగా కనబడే ఆ నిప్పుల్లోంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. నెత్తుటిలో ఆక్సిజన్ అంటుకునే చోటుకు అది 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉంటే ఆ మగత కూడా తెలియదు. చుట్టూ సందులున్న పాత ఇళ్ళలో ఆ విషం బయటికి పోయేది, అందుకే అమ్మమ్మల కాలంలో కుంపటి పెట్టినా చాలాసార్లు ఏమీ కాలేదు. మనం సందులు మూశాక అదే కుంపటి ప్రాణం తీస్తుంది. సందులు మూసిన ఇంట్లోకి కుంపటి, బొగ్గుల పొయ్యి, సాంబ్రాణి మూకుడు ఏదీ రాకూడదు. బిడ్డకు టోపీ, సాక్సులు, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం ఆనించి పైన దుప్పటి, ఇవి కుంపటి కన్నా బాగా వెచ్చగా ఉంచుతాయి. ఎవరైనా మగతగా ఉంటే ముందు బయటికి ఎత్తుకొచ్చి, 108కి ఫోను చేయాలి. ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు బాలింత ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట చెప్పేలా మీరు చూడాలి. దోమల చక్రాలకూ ఇదే వర్తిస్తుంది, మూసిన గదిలో తెర కట్టుకోవాలి.

పడుకునే గదికి కూడా ఒక ఊపిరి కన్నం తప్పనిసరి. ముగ్గురు నలుగురు పడుకునే పదికి పన్నెండు గదిలో, ఉత్తర, ఈశాన్య దిక్కులు కాని గోడకు, తల ఎత్తు కన్నా పైన, 9 అంగుళాలకు 6 అంగుళాల జాలీ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి. దోమతెర వేస్తే గాలి దారి తగ్గుతుంది, కాబట్టి ఇంకాస్త పెద్దది పెట్టండి. క్షయ రోగి ఉన్న ఇంట్లో సందులు మూసే పనే పెట్టుకోకండి. వాళ్ళకు గాలి ఆడాలి, వెచ్చదనం దుప్పట్లతో ఇవ్వాలి.

ఎప్పుడు చేయాలన్నది డెల్టాలో చిక్కు ప్రశ్న. అక్టోబరులో చేస్తే గోడలు నానుంటాయి, సీలెంటు పొరలా ఊడుతుంది. నవంబరులో ఏ వాయుగుండం వచ్చినా మళ్ళీ తడుపుతుంది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగు చదరపు పాలితీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక పగలు, ఒక రాత్రి వదలండి. లోపలివైపు నీటిబిందువులు కనబడితే ఇంకో వారం ఆగాలి. పీచు, మాలు, వెంటిలేటరు చెక్కల పనికి ఈ ఆగుడు అక్కర్లేదు, ముందే మొదలుపెట్టొచ్చు. సీలెంటు, రబ్బరు పట్టీలు చివరన. మామూలుగా కార్తీకం చివరి వారాలనుంచి ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు 16 దాకా పని చేసుకోవడానికి వీలైన రోజులు. నేలలోంచి చెమ్మ ఎక్కే గోడలు ఎప్పటికీ ఆరవు. వాటికి అడుగున రెండడుగుల మేర సీలెంటు పూయొద్దు, చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది.

మీనుంచి మేము కోరేది ఇది. వార్డు సభ్యులు ఒక్కో వార్డులో రేకుల ఇళ్ళలో ఉంటున్న 60 ఏళ్ళు దాటినవాళ్ళ పేర్లు, ఈ చలికాలంలో కాన్పు అయ్యే ఇళ్ళ పేర్లు రాసుకోవాలి. ఇంజినీరింగ్ అసిస్టెంటు ఆ ఇళ్ళకు టార్చితో వెళ్ళి గోడ పొడవులు కొలవాలి. ఆ కొలతలు కలిపి పీచు, సున్నం, పట్టీలు ఊరంతటికీ ఒక్కసారే కొంటే ధర కలిసొస్తుంది, మేస్త్రికి పనీ వరసగా ఉంటుంది. అంగన్‌వాడీ కేంద్రం ఆ జాబితాలో మొదట ఉండాలి. పిల్లలు పడుకునే చాప నేల మీదే కదా. కొత్తగా కడుతున్న రేకుల ఇళ్ళలో గోడ పైసందు మూయడం, ఒక జాలీ వదలడం, ఈ రెండూ అంచనాలోనే రాయండి. కప్పు వేసేటప్పుడు పరంజా మీద ఉన్న మేస్త్రికి అది పూటపని. కప్పు అయ్యాక మళ్ళీ నిచ్చెన వేసుకుని రావడం రోజుపని. పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు అదే గదిలో అగరుబత్తి వెలిగించి చూడండి, వంటింటి కన్నం తెరిచి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ మర్నాడు వెంటిలేటరు తాళ్ళు లాగి కొక్కేలకు తగిలించమని, ఇసుక గొట్టాలు ఎండలో వేసి దాచుకోమని, రబ్బరు పట్టీలు సబ్బునీళ్ళతో తుడవమని ఊరికి ఇంకోసారి చాటింపు వేయించండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో తాపీ, వడ్రంగం, రేకుల పని చేసేవాళ్ళం, ఆ పనులు చూసే ఇంజినీర్లం